జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు ముగించి ఇంటికి వచ్చేముందు: తరచూ అడిగే ప్రశ్నలు

జపాన్ ప్రభుత్వం 1987లో జెట్ కార్యక్రమం మొదలుపెట్టినప్పటి నుంచీ అక్కడి బడుల్లో ఇంగ్లీష్ చెప్పడానికి విదేశీయులు వెళ్తూనే ఉన్నారు. కొందరు జెట్ ద్వారా వెళ్తారు. కొందరిని బడులకు సహాయ టీచర్లను సమకూర్చే ప్రైవేటు కంపెనీలు తీసుకుంటాయి. ఇంకొందరు ‘ఎయికైవా’ అనే ఇంగ్లీష్ సంభాషణ తరగతుల్లో చేరతారు. మనవాళ్లలో ఆ దారి పట్టి, ఇప్పుడు తిరుగు ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్నవారి కోసం ఈ జవాబులు.

వెళ్లేటప్పుడు వీసా, ఇల్లు, బ్యాంకు ఖాతా లాంటివి చూసిపెట్టడానికి ఎవరో ఒకరు ఉంటారు. వచ్చేటప్పుడు అలా ఉండదు. జీతంలో కోసిన పింఛను డబ్బు, ఇంటి అడ్వాన్సు, వాడుకోని సెలవులు చట్టప్రకారం మీవే. కానీ అడిగితేనే వస్తాయి, అదీ గడువులోపు అడగాలి.

ఒప్పందం మధ్యలో మానేస్తే జరిమానా కట్టాలని కంపెనీ అంటోంది. కట్టాలా?

ఇంత జరిమానా అని ముందే అంకె రాసిపెట్టడం జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. మీరు సంతకం పెట్టినా ఆ షరతు చెల్లదు. అలాగని ఎప్పుడంటే అప్పుడు మానేయవచ్చనీ కాదు. గడువు లేని ఉద్యోగమైతే సివిల్ కోడ్ 627వ సెక్షన్ ప్రకారం రెండు వారాల ముందు చెబితే చాలు. ఏడాది ఒప్పందమైతే మధ్యలో మానడానికి అనారోగ్యం, ఇంట్లో ఆపద లాంటి తప్పనిసరి కారణం ఉండాలి. టీచర్ల ఒప్పందాలు చాలావరకు ఏడాదివే కాబట్టి, వీలైతే ఒప్పందం ముగిసే తేదీకే ప్రయాణం పెట్టుకోండి.

పాస్‌పోర్టు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి. మానేశాక మీరు అడిగితే, రావలసిన జీతాన్ని 7 రోజుల్లోపు ఇవ్వాలని అదే చట్టంలోని 23వ సెక్షన్ చెబుతుంది. ఇవ్వకపోతే ఆ ప్రాంతపు కార్మిక ప్రమాణాల తనిఖీ కార్యాలయానికి వెళ్లండి. అక్కడ ఫిర్యాదు చేయడానికి రుసుమేమీ ఉండదు.

సెలవులు మిగిలిపోయాయి. డబ్బుగా ఇస్తారా?

ఇవ్వాలన్న నియమం లేదు, అందుకే వాడేసుకోవాలి. ఆరు నెలలు పనిచేసి, 80 శాతం హాజరు ఉన్న పూర్తికాలపు ఉద్యోగికి 10 రోజుల జీతంతో కూడిన సెలవు హక్కు. పని ఒత్తిడి ఉందని తేదీ మార్చమనే అధికారం యాజమాన్యానికి ఉంది కానీ, ఉద్యోగం ముగిసే రోజు దాటించి మార్చలేదు. కాబట్టి చివరి రెండు మూడు వారాలు సెలవు అడగడం దబాయింపు కాదు. అయితే మార్చి నెలాఖరులో బదిలీ అయ్యే టీచర్లకు బడిలో వీడ్కోలు సభ జరుపుతారు, పిల్లలు మీ కోసం ఎదురుచూస్తారు. ఆ రోజుకి మాత్రం వెళ్లండి.

జెట్ వారు తిరుగు టికెట్ ఇస్తారా?

మిమ్మల్ని నియమించిన స్థానిక సంస్థ ఇస్తుంది, షరతుల మీద. ఒప్పందం పూర్తి చేయాలి, ముగిసిన మర్నాటి నుంచి నెలలోపు స్వదేశానికి బయలుదేరాలి, ఆ నెలలో జపాన్‌లో ఇంకో ఉద్యోగ ఒప్పందం చేసుకోకూడదు. ప్రైవేటు కంపెనీల టీచర్లకు టికెట్ హక్కు చట్టంలో లేదు, ఒప్పందంలో రాసి ఉంటేనే.

పుర కార్యాలయంలో ఏం చెయ్యాలి?

విదేశానికి వెళ్లిపోతున్నట్టు ‘తెన్‌షుత్సు తొదోకె’ అనే పత్రం ఇవ్వాలి. బయలుదేరడానికి సుమారు రెండు వారాల ముందు నుంచి తీసుకుంటారు. ఇది ఇవ్వకుండా విమానం ఎక్కితే కాగితాల మీద మీరింకా జపాన్‌లోనే ఉంటారు. ఆరోగ్య బీమా, పింఛను బకాయిలు పెరుగుతాయి, పింఛను డబ్బు వాపసు అడిగినప్పుడు చిక్కొస్తుంది. మై నంబర్ కార్డును కూడా అక్కడే చూపించాలి. ఆ నంబరు మాత్రం జీవితాంతం మీదే, మళ్లీ జపాన్ వెళ్లినా మారదు. రాసిపెట్టుకోండి.

మార్చిలో వచ్చేస్తున్నాను. జూన్‌లో పన్ను బిల్లు వస్తుందంటున్నారు. ఎలా?

ఇది ‘జ్యూమిన్‌జెయి’, నివాస పన్ను. చాలామందిని దెబ్బతీసేది ఇదే. జనవరి 1న మీ చిరునామా ఏ ఊళ్లో ఉందో ఆ ఊరు, ముందటేడాది ఆదాయం మీద ఈ పన్ను వేస్తుంది. రేటు సుమారు 10 శాతం, బిల్లు జూన్‌లో వస్తుంది. 2026 మార్చిలో బయలుదేరేవారికి 2026 జనవరి 1న చిరునామా ఉంది కాబట్టి 2025 ఆదాయం మీద పన్ను పడుతుంది. డిసెంబరు 31లోపు చిరునామా తీసేసుకుని వెళ్లిపోయిన మనిషికి అది పడదు. పాత ఏడాది పన్నులో మే వరకు మిగిలిన వాయిదాలను చివరి జీతంలోంచే కోస్తారు. అందుకే ఆఖరి జీతం చేతికి చాలా తక్కువగా వస్తుంది.

జూన్ బిల్లు కోసం జపాన్‌లో ఉండే ఒకరిని ‘నోజెయి కన్రినిన్’గా, అంటే మీ తరఫున పన్ను వ్యవహారం చూసే మనిషిగా, పుర కార్యాలయంలో నమోదు చేయించాలి. అర్హత పరీక్షలేమీ లేవు. నమ్మకమైన సహోద్యోగి చాలు. ఆ మనిషి చేతిలో బిల్లుకు సరిపడా డబ్బు పెట్టి రావడం మర్యాద కూడా. అదే మనిషి పేరును ట్యాక్స్ ఆఫీసులోనూ విడిగా నమోదు చేయించండి. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

పింఛను కింద ప్రతినెలా కోశారు. ఆ డబ్బు వెనక్కి వస్తుందా?

వస్తుంది. దీన్ని ‘దత్తాయి ఇచిజికిన్’ అంటారు. కనీసం 6 నెలలు పింఛను కట్టి ఉండాలి, జపాన్‌లో చిరునామా ఉండకూడదు, 10 ఏళ్ల పింఛను అర్హత వచ్చి ఉండకూడదు. చిరునామా తీసేసిన రోజు నుంచి రెండేళ్లలోపు జపాన్ పింఛను సంస్థకు దరఖాస్తు చేరాలి. ఆ గడువు దాటితే హక్కు పోతుంది.

ఎంత వస్తుందో ఒక లెక్క చూద్దాం. ఉద్యోగుల పింఛనులో మీ వాటా జీతంలో 9.15 శాతం, అంతే మొత్తం యాజమాన్యం కడుతుంది. నెలకు సగటున 3 లక్షల యెన్ల జీతంతో మూడేళ్లు చేసినవారికి గుణకం 3.3. అంటే 9,90,000 యెన్లు. ఇందులో 20.42 శాతం, 2,02,158 యెన్లు, పన్నుగా ముందే పట్టుకుని మిగతా 7,87,842 యెన్లు ఇండియాలోని మీ ఖాతాకు పంపుతారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. ఆ 2 లక్షలు కూడా రాబట్టుకోవచ్చు. ఈ డబ్బును పదవీ విరమణ ఆదాయంగా లెక్కించమని ట్యాక్స్ ఆఫీసులో దరఖాస్తు చేస్తే ఏడాదికి 4 లక్షల యెన్ల చొప్పున మినహాయింపు ఉంటుంది. మూడేళ్లకు 12 లక్షలు కాబట్టి పై ఉదాహరణలో పన్నే ఉండదు. ఆ దరఖాస్తు పెట్టేది, డబ్బు అందుకునేది మీరు నమోదు చేసిన ఆ మనిషే. దీనికి ఐదేళ్ల గడువుంది.

పని గంటలు తక్కువని ఉద్యోగుల పింఛనులో చేర్చకుండా, జాతీయ పింఛను సొంతంగా కట్టుకోమన్న కంపెనీల టీచర్లకూ వాపసు ఉంది. మొత్తం తక్కువగా ఉంటుంది కానీ దాని మీద ముందస్తు పన్ను కోత లేదు.

మన దగ్గర ఒక చిక్కు ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటుంది. పేర్లు కలవకపోతే డబ్బు ఆగిపోతుంది. బయలుదేరేముందే ఇండియా ఖాతాలో పేరు పాస్‌పోర్టు ప్రకారం సరిచేయించుకోండి.

అయితే అందరూ ఆ డబ్బు తీసేసుకోవడమే మంచిదా?

కాదు. అందరూ తీసుకుంటున్నారని తీసుకోకండి. భారత్, జపాన్ మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2016 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇండియాలో ఉద్యోగుల పింఛను పథకంలో గడిపిన కాలాన్ని జపాన్ కాలంతో కలిపి 10 ఏళ్ల అర్హత చూస్తారు. జపాన్‌లో మూడేళ్లు, ఇక్కడ ఏడేళ్లు ఉంటే, 65 ఏళ్ల వయసు నుంచి జపాన్ మూడేళ్లకు తగిన పింఛను జీవితాంతం ఇస్తుంది. పై జీతానికి ఇప్పటి సూత్రం ప్రకారం అది ఏటా సుమారు 1 లక్షా 20 వేల యెన్లు. అంటే 73, 74 ఏళ్లు దాటి బతికితే వాపసు తీసుకున్న మొత్తం కంటే పింఛనే ఎక్కువ. ఒకసారి వాపసు తీసుకుంటే అప్పటిదాకా కట్టిన కాలమంతా చెరిగిపోతుంది, ఒప్పందం కింద కలుపుకోవడానికి ఏమీ మిగలదు. పైగా 2021 ఏప్రిల్ నుంచి వాపసు లెక్కకు 60 నెలలే గరిష్ఠం. ఏడెనిమిదేళ్లు చేసినవారు అరవై నెలల డబ్బు తీసుకుని మిగతా నెలలు వదులుకున్నట్టవుతుంది.

నా అభిప్రాయం చెబుతాను. ఏడాదో రెండేళ్లో చేసి, ఇండియాలో పింఛను పథకం ఉన్న ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేనివారు వాపసు తీసుకోవడమే మేలు. నాలుగైదేళ్లు దాటినవారు, ముఖ్యంగా ఇక్కడ పాత పీఎఫ్ ఖాతా ఉన్నవారు, తొందరపడకూడదు. పీఎఫ్ ఉంటే సరిపోదు, అందులో పింఛను వాటా జమవుతోందో లేదో చూడాలి. 2014 సెప్టెంబరు తర్వాత 15 వేల రూపాయలకు మించిన జీతంతో కొత్తగా చేరినవారికి ఆ వాటా ఉండదు. నిర్ణయానికి రెండేళ్ల సమయముంది. వాపసు తీసుకోకున్నా, మీ ప్రాథమిక పింఛను నంబరు ఉన్న కాగితం మాత్రం ఇంటి దస్తావేజులతో పాటు దాచండి.

నిరుద్యోగ భృతికి కూడా కట్టాను. అది?

జపాన్‌లోనే ఉండి ఉద్యోగం వెతుక్కునేవారికే ఆ భృతి. ఇంటికి వచ్చేవారికి రాదు.

ఇంటి అడ్వాన్సులో పెద్ద మొత్తం పట్టుకుంటామంటున్నారు.

‘షికికిన్’ అడ్వాన్సు, తిరిగి రావాలి. ‘రెయికిన్’ ఇంటివారికి ఇచ్చిన కానుక, రాదు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సివిల్ కోడ్ సవరణ ప్రకారం మామూలు వాడకం వల్ల వచ్చిన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడు. ఎండకు గోడ కాగితం వెలిసినా, బీరువా బరువుకు నేల నొక్కుకుపోయినా ఖర్చు ఇంటి యజమానిదే. శుభ్రం చేయక వంటింటి గోడలకు పేరుకున్న నూనె జిడ్డు, సిగరెట్ మరకలు మాత్రం మీ లెక్కే. రోజూ తాలింపు వేసే వంటిల్లు కనుక ఆఖరి వారంలో ఆ గోడ మీద శ్రద్ధ పెట్టండి. శుభ్రతకు ఇంత అని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఉంటే అది సాధారణంగా చెల్లుతుంది.

ఖాళీ చేసే రోజు తనిఖీకి మీరు దగ్గరుండండి, ప్రతి గదికీ ఫొటోలు తీయండి, అర్థం కాని అంచనా కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. వివరాలు విడివిడిగా రాసి ఇవ్వమనండి. ఖాళీ చేస్తామన్న నోటీసు సాధారణంగా నెల ముందు ఇవ్వాలి.

సామాను పారేయడం కూడా పనే. మంచం, సోఫా లాంటివాటికి పురపాలక సంస్థకు ఫోన్ చేసి తేదీ తీసుకుని, దుకాణంలో స్టిక్కరు కొని అంటించాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఊరంతా ఇళ్లు మారుతుంటారు కాబట్టి తేదీ ఆలస్యంగా దొరుకుతుంది. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఏసీలను పురపాలక సంస్థ తీసుకోదు. రీసైక్లింగ్ రుసుము కట్టి దుకాణం ద్వారా పంపాలి.

ఉద్యోగం ముగిశాక కొన్నాళ్లు జపాన్ చూసి రావచ్చా?

వీసా గడువుంటే వెంటనే వెళ్లిపోవాలని లేదు. ఉద్యోగం ముగిసినట్టు 14 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌కు తెలపాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు పని మానేసి ఉంటే వీసా రద్దు చేసే అధికారం వారికుంది. ఉద్యోగంతో పాటు కంపెనీ ఆరోగ్య బీమా కూడా ముగుస్తుంది కాబట్టి ఆ రోజులకు పురపాలక బీమాలో చేరండి.

విమానాశ్రయంలో?

తిరిగి వస్తానన్న గడిలో టిక్కు పెట్టకండి. శాశ్వతంగా వెళ్తున్నానని చెబితే రెసిడెన్స్ కార్డుకు రంధ్రం చేసి మీకే ఇస్తారు. పాత కాగితాల్లో చిరునామా రుజువుకు పనికొస్తుంది, పారేయకండి. 10 లక్షల యెన్లకు మించిన నగదు ఉంటే జపాన్ కస్టమ్స్‌కు చెప్పాలి. ఇండియాలో దిగినప్పుడు విదేశీ నోట్లు 5,000 డాలర్ల విలువ దాటితే, లేదా చెక్కులతో కలిపి 10,000 డాలర్లు దాటితే ప్రకటించాలి. ఇక్కడ స్థిరపడ్డాక ఎన్నారై ఖాతాలను స్థానిక ఖాతాలుగా మార్చమని బ్యాంకుకు చెప్పండి.

ఏ కాగితాలు వెంట తెచ్చుకోవాలి?

పనిచేసిన కాలం, హోదా, జీతం రాసిన ఉద్యోగ ధ్రువపత్రం మీరు అడిగితే యాజమాన్యం ఇచ్చి తీరాలి, ఇది 22వ సెక్షన్. ఇంగ్లీష్‌లోనూ అడగండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బడిలో చేరాలన్నా, బీఎడ్ తర్వాత అనుభవం చూపాలన్నా కావలసింది అదే. ఆ ఏడాది జీతం, పన్ను వివరాల ‘గెన్‌సెన్’ కాగితం కూడా తీసుకోండి.

మరో దేశానికి పాఠాలు చెప్పడానికి వెళ్లే ఆలోచన ఉంటే జపాన్ పోలీసుల ధ్రువపత్రం అడుగుతారు. దాన్ని మీ ప్రిఫెక్చర్ పోలీసు ప్రధాన కార్యాలయంలో వేలిముద్రలు ఇచ్చి తీసుకోవాలి. సీలు వేసిన కవరులో ఇస్తారు. ఆ సీలు మీరు విప్పితే పత్రం చెల్లదు.