బటన్ నొక్కే ముందు అడగాల్సిన ప్రశ్న

బీఈడీ పూర్తిచేసి బడుల్లో ఉద్యోగానికి వెళ్లే అభ్యర్థుల బయోడేటాల్లో ఇప్పుడు ఒక వరుస తరచూ కనిపిస్తోంది: పవర్‌పాయింట్, గూగుల్ క్లాస్‌రూమ్, కాన్వా, కహూట్. ఈ పేర్లు తెలిసి ఉండటం మంచిదే. కానీ డెమో క్లాసును శ్రద్ధగా చూసే ప్రిన్సిపాల్ తెలుసుకోవాలనుకునేది వేరు. తెర మీద ఆ బొమ్మ కదిలినందువల్ల పిల్లలకు కొత్తగా ఏం అర్థమైంది? బటన్లు ఎక్కడున్నాయో ఒక సాయంత్రం కూర్చుంటే తెలిసిపోతుంది. వాటిని నొక్కే ముందు తరగతిని ఏమడగాలో తెలియడానికే సాధన కావాలి.

పదో తరగతి విద్యుత్ పాఠాన్నే తీసుకుందాం. ఒక బ్యాటరీ, శ్రేణి సంధానంలో ఒకేరకం బల్బులు రెండు. వీటిలో ఏది ఎక్కువగా వెలుగుతుంది? పిల్లల్లో చాలామంది మొదటి బల్బు అంటారు. అది కరెంటును కొంత వాడేసుకుంటుందనీ, రెండోదానికి మిగిలిందే వెళుతుందనీ వాళ్ల నమ్మకం. భౌతికశాస్త్ర బోధన మీద పరిశోధన చేసేవారికి ఇది బాగా పరిచయమైన పొరపాటు. ఎన్నో దేశాల తరగతుల్లో ఇదే కనిపించింది. శ్రేణి సంధానంలో విద్యుత్ ప్రవాహం అంతటా సమానమని టీచరు బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, పరీక్షలోనూ రాస్తారు. లోపలి నమ్మకం మాత్రం చెక్కుచెదరదు.

ఇలాంటి చోట ఫెట్ సిమ్యులేషన్లు అక్కరకొస్తాయి. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నవారిలో ఒకరైన కార్ల్ వీమన్ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఈ ప్రాజెక్టును మొదలుపెట్టారు. వీటిని ఉచితంగా వాడుకోవచ్చు. కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకుంటే బడిలో నెట్ లేకపోయినా పనిచేస్తాయి. ఇందులోని సర్క్యూట్ కిట్‌లో తీగలు, బ్యాటరీ, బల్బులు లాగి కలపవచ్చు, ఎలక్ట్రాన్లు కదలడం చూడవచ్చు, అమ్మీటరు పెట్టి కొలవవచ్చు.

పాఠం ఎలా నడపాలన్నదే అసలు విషయం. సర్క్యూట్‌ను తెర మీద కట్టండి, స్విచ్ మాత్రం వేయకండి. ప్రశ్న అడగండి. మొదటి బల్బు, రెండో బల్బు, రెండూ సమానం, రెండూ వెలగవు అని నాలుగు జవాబులివ్వండి. ప్రతి పిల్లా పిల్లవాడూ తన జవాబును, అందుకు కారణాన్ని ఒక వాక్యంలో నోట్సులో రాయాలి. ఆ రాత ముఖ్యం. రాయకపోతే ఫలితం చూశాక అందరూ తాము ముందే అలా అనుకున్నామనే అంటారు. రాశాక పక్కవారితో రెండు నిమిషాలు వాదించుకోనివ్వండి. ఇప్పుడు స్విచ్ వేయండి. రెండు బల్బులూ ఒకేలా వెలుగుతాయి. అమ్మీటరును మూడు చోట్ల పెట్టి చూపితే మూడుసార్లూ ఒకే అంకె వస్తుంది. మరి ఒకే బల్బు ఉన్నప్పటికంటే రెండూ ఎందుకు మసకబారాయి? ఈ రెండో ప్రశ్న దగ్గర తరగతి నిరోధం గురించి తనంతట తానే మాట్లాడటం మొదలుపెడుతుంది.

ఆ తర్వాత అసలు బ్యాటరీ, టార్చి బల్బులు తీసి అదే ప్రయోగం చేయించండి. దుకాణంలో కొన్న రెండు బల్బులు కచ్చితంగా ఒకేలా ఉండవు కాబట్టి వెలుగులో కాస్త తేడా రావచ్చు. తెర మీదివి ఆదర్శ బల్బులనీ, చేతిలోవి నిజమైనవనీ పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. సిమ్యులేషన్ చూపించాం కాబట్టి ప్రయోగశాల తాళం తీయనక్కర్లేదనుకునే బడుల తీరు నాకు బాధ కలిగిస్తుంది.

పక్కవారితో వాదింపజేసే ఈ పద్ధతికి పీర్ ఇన్‌స్ట్రక్షన్ అని పేరు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1990ల ఆరంభం నుంచి దీన్ని తన తరగతుల్లో అమలు చేశారు. మొదటిసారి అడిగినప్పుడు సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే చర్చకు అది తగిన ప్రశ్న. అంతకంటే తక్కువైతే పాఠం మళ్లీ చెప్పాలి, ఎక్కువైతే ముందుకు సాగాలి. ఇక్కడ వెబ్ టూల్ చేసే పని ఒక్కటే, ఎవరెవరు ఏమనుకుంటున్నారో టీచరుకు క్షణాల్లో చూపించడం.

పిల్లల చేతుల్లో ఫోన్లు, ట్యాబులు లేవు కదా అని నిరుత్సాహపడకండి. ప్లికర్స్ అనే సాధనానికి టీచరు దగ్గర ఒక స్మార్ట్‌ఫోన్ ఉంటే చాలు. పిల్లలందరికీ కాగితం మీద ముద్రించిన కార్డులిస్తారు. ఏ అంచు పైకి పెడితే ఆ జవాబు. టీచరు ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబు ఇచ్చారో నమోదవుతుంది. కార్డు మీది గుర్తు చూసి పక్కవారు కాపీ కొట్టడమూ కష్టమే.

మిగతా సబ్జెక్టులవారికీ దారులున్నాయి. గణితానికి జియోజీబ్రా ఉంది, ఆస్ట్రియాకు చెందిన మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. వర్గ బహుపది గ్రాఫు గీసి, ఎక్స్ వర్గం ముందున్న గుణకాన్ని స్లైడర్‌తో తగ్గిస్తూ సున్నా దగ్గరికి తెచ్చి ఆపండి. సున్నా అయితే ఈ పరావలయం ఏమవుతుందో ముందుగా నోట్సులో గీయమనండి. సాంఘికశాస్త్రం చెప్పేవారికి హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే భువన్ ఉంది. కొల్లేరు ఉపగ్రహ చిత్రం తెరిచే ముందు పిల్లల చేత తాము ఊహించిన సరస్సు బొమ్మ వేయిస్తే, చేపల చెరువుల గళ్లు కనిపించినప్పుడు ప్రశ్నలు వాళ్లే అడుగుతారు.

క్విజ్ ఆటల విషయంలో నాకో అభ్యంతరముంది. వేగంగా జవాబిచ్చినవారికి ఎక్కువ పాయింట్లు, తెర మీద మొదటి అయిదు పేర్లు. మూడోసారికల్లా వెనక బెంచీల్లోవాళ్లు ఆలోచించడం మానేసి ఏదో ఒకటి నొక్కడం మొదలుపెడతారు. బెంగళూరులో పుట్టి, ఇప్పుడు వేగ్రౌండ్‌గా పేరు మార్చుకున్న క్విజిజ్‌లో టైమరును ఆపేసే వీలుంది. ఆపేయండి.

డీఎస్సీకి చదివేవారికి సహజంగానే ఒక సందేహం వస్తుంది. 16,347 పోస్టుల 2025 ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీలోనూ, 11,062 పోస్టుల 2024 తెలంగాణ డీఎస్సీలోనూ ఎస్‌జీటీ, స్కూల్ అసిస్టెంట్లకు పరీక్షకు 80, టెట్‌కు 20 మార్కులు. డెమోకు మార్కుల్లేవు. మరి ఈ శ్రమంతా దేనికి? ఉద్యోగం వచ్చిన మర్నాడు మీరు నిలబడే తరగతిలో గోడకు ఇంటరాక్టివ్ ప్యానెల్ ఉండవచ్చు. దాన్ని వీడియోలు చూసే టీవీగా మిగల్చకుండా వాడగలగడం ఆ పిల్లలకు మీరు చేసే మేలు. ఇక ప్రైవేటు బడుల్లోనైతే డెమోతోనే అంతా తేలిపోతుంది.

సాధనకు తగిన సమయం బీఈడీలోనే ఉంది. రెండేళ్లలో 20 వారాలు బడుల్లో గడపాలని ఎన్‌సీటీఈ నిబంధన. ఆ వారాల్లో పది టూల్స్ తిరగేయకుండా, మీ మెథడాలజీ సబ్జెక్టులో ఒక పాఠం, ఒక టూల్ ఎంచుకోండి. ఏ ప్రశ్న అడిగారు, పిల్లలు ముందేమన్నారు, చూశాక ఏం మారింది, ఎక్కడ పని చేయలేదు అన్నవి రెండు పేజీల్లో రాసి పెట్టుకోండి. పిల్లల పేర్లు, ఫొటోలు అందులో వద్దు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు అందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. పిల్లల చేత మెయిల్ ఐడీలతో ఖాతాలు తెరిపించే టూల్స్ దగ్గరా ఇదే జాగ్రత్త అవసరం. శిక్షణకు దీక్ష, స్వయం వేదికల్లోనూ, ఎన్‌సీఈఆర్‌టీలో భాగమైన సీఐఈటీ ఆన్‌లైన్ కార్యక్రమాల్లోనూ ఉచిత కోర్సులు దొరుకుతాయి.

టీచరు పోస్టు ఒక్కటే గమ్యం కానక్కర్లేదు. డిజిటల్ పాఠాలు తయారుచేసే సంస్థల్లో కంటెంట్ రచయితలు, ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ల ఉద్యోగాలున్నాయి. అక్కడ సర్టిఫికెట్ల కంటే పని నమూనా ఎక్కువగా మాట్లాడుతుంది. హెచ్‌5పీ నేర్చుకుంటే వీడియో మధ్యలో ఆగి ప్రశ్న అడిగే పాఠాన్ని కోడింగ్ రాకపోయినా తయారు చేయవచ్చు. మీరు ఇంటర్న్‌షిప్‌లో చెప్పిన ఆ ఒక్క పాఠాన్నే తెలుగులో అలా మలచి, రెండు పేజీల నివేదికతో కలిపి దరఖాస్తుకు జోడించండి. తెలుగు మీడియంలో చదివినవారు ఇక్కడ వెనుకంజ వేయనక్కర్లేదు. బల్బు ప్రశ్నకు తెలుగు పిల్లలు ఏ మాటల్లో తప్పు జవాబు చెబుతారో మీకు తెలుసు. ఆ మాటలనే మీ పాఠంలో తప్పు ఆప్షన్లుగా పెట్టండి.