మందుల ఫ్రిజ్‌కు డిజిటల్ కంట్రోలర్: బిగించే ముందు, బిగించిన తర్వాత తెలుసుకోవలసినవి

ఇన్సులిన్ క్రమం తప్పకుండా వేసుకుంటున్నా షుగర్ తగ్గడం లేదని వచ్చేవారిని మేము తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మందు ఎక్కడ పెడుతున్నారు?" చాలామంది ధైర్యంగానే చెబుతారు, "ఫ్రిజ్‌లోనే సిస్టరుగారూ" అని. ఇంకొంచెం అడిగితే ఐస్ పెట్టె కిందనే, వెనక గోడకు ఆనించి పెట్టామంటారు. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకొని ఐస్ పెట్టెలోనే పెట్టేవారూ ఉన్నారు. వేడికి మందు పాడవుతుందన్న భయం అందరికీ ఉంది. చలికి కూడా పాడవుతుందన్న సంగతి తెలిసినవారు తక్కువ.

ఇళ్లలోనే కాదు, మందుల షాపుల్లోనూ, చిన్న క్లినిక్కుల్లోనూ ఇదే ఇబ్బంది ఉంది. కూల్‌డ్రింకుల కోసం తయారైన అద్దం తలుపు ఫ్రిజ్‌లో ఇన్సులిన్, టీకాలు పెట్టి అమ్ముతుంటారు. అలాంటి ఫ్రిజ్‌కు ఉష్ణోగ్రతను, ఐస్ కరిగించడాన్ని అదుపు చేసే డిజిటల్ కంట్రోలర్ బిగించుకోవచ్చు. పరికరం చిన్నదే, ఖర్చు కూడా పెద్దది కాదు. కానీ సరిగ్గా బిగించకపోతే పాత మరకంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎందుకంటే ఎర్రని అంకెల్లో "4" అని కనబడగానే మనం నిశ్చింతగా ఉండిపోతాం.

గడ్డకట్టిన మందుకు ఏమవుతుంది?

ఇన్సులిన్, ధనుర్వాతం టీకా, హెపటైటిస్-బి టీకా, పసిపిల్లల పెంటావాలెంట్ టీకా, కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ వంటివి 2 నుండి 8 డిగ్రీల సెంటీగ్రేడు మధ్య ఉండాలి. ధనుర్వాతం, హెపటైటిస్-బి, పెంటావాలెంట్ టీకాల్లో మందు అల్యూమినియం లవణపు సన్నని రేణువులకు అంటుకొని ఉంటుంది. గడ్డకడితే ఆ రేణువులు ముద్దలవుతాయి. మళ్లీ కరిగినా పూర్వపు స్థితికి రావు, టీకా శక్తి తగ్గిపోతుంది. హెపటైటిస్-బి టీకా మైనస్ 0.5 డిగ్రీల దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అంటే 2 డిగ్రీల కిందకు దిగిన తర్వాత మనకు మిగిలే దూరం చాలా కొద్ది.

టీకా సీసా మీద రంగు మారే గుండ్రని గుర్తు ఉంటుంది కదా, అది వేడిని మాత్రమే చూపుతుంది. టీకా రాత్రి గడ్డకట్టి ఉదయానికి కరిగినా ఆ గుర్తు మారదు. ఇన్సులిన్ విషయంలో మరీ కష్టం. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్ కొన్నిసార్లు చూపుకు మామూలుగానే ఉంటుంది. పుట్టుకతోనో చిన్నతనంలోనో షుగర్ వచ్చి ఇన్సులిన్ మీదే బతికే బిడ్డకు శక్తిలేని మందు వేస్తే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వచ్చి స్పృహ తప్పవచ్చు. తల్లి రోజూ సూది వేసిందనే చెబుతుంది. ఆమె చెప్పింది నిజమే.

పాత మరతో ఇబ్బంది ఎక్కడ?

మామూలు ఫ్రిజ్ మర మీద 1 నుండి 7 వరకు అంకెలుంటాయి. అవి డిగ్రీలు కావు. 5 మీద పెడితే 5 డిగ్రీలు అనుకునే షాపువారిని నేను చాలామందిని చూశాను. గ్యాసు నింపిన సన్నని గొట్టం చల్లబడినప్పుడు కంప్రెసర్ ఆగుతుంది, వేడెక్కినప్పుడు నడుస్తుంది, అంతే. అదే అంకె మీద మే నెల మధ్యాహ్నం ఒక చల్లదనం ఉంటుంది, డిసెంబరు రాత్రి సీతంపేటలోనో గుమ్మలక్ష్మీపురంలోనో ఇంకో చల్లదనం ఉంటుంది.

సముద్రతీరంలో మరో సమస్య తేమ. కళింగపట్నం, భావనపాడు, బారువ వంటి ఊళ్లలో ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ తేమగాలి లోపలికి పోయి చల్లని గొట్టాల మీద మంచుగా పేరుకుంటుంది. మంచు పేరుకుంటే ఫ్రిజ్ బాగా చల్లబడుతోందని కొందరు సంతోషిస్తారు. నిజానికి ఆ మంచు గొట్టాలకు కప్పిన దుప్పటి లాంటిది. గాలి ఆడదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుంది. తలుపు దగ్గరి అరలో మందు వేడెక్కుతుంది, గొట్టాల దగ్గర పెట్టింది గడ్డకడుతుంది. మంచు అర సెంటీమీటరు మందం దాటనివ్వకూడదు.

కంట్రోలర్ చేసే పని

కంట్రోలర్‌కు తీగ చివర ప్రోబ్ ఉంటుంది. అది లోపలి చల్లదనాన్ని కొలుస్తుంది. మనం రెండు అంకెలు ఇవ్వాలి: ఎక్కడ ఆగాలి, ఎంత తేడా వస్తే మళ్లీ నడవాలి. 4 డిగ్రీలు, తేడా 2 అని ఇస్తే 4 దగ్గర కంప్రెసర్ ఆగి, 6 దగ్గర మళ్లీ మొదలవుతుంది. కొన్ని కంపెనీలవి ఆ తేడాను రెండు వైపులా పంచుతాయి. అప్పుడు 3 దగ్గర ఆగుతుంది. కాబట్టి పెట్టెతో వచ్చిన కాగితం చదవాలి, మెకానిక్ చేత చదివించాలి.

రెండో పని ఐస్ కరిగించడం. కొన్ని గంటలకొకసారి కంప్రెసర్‌ను కాసేపు ఆపి, ఫ్యాను మాత్రం నడుపుతుంది. లోపలి గాలి సున్నాకు పైనే ఉంటుంది కాబట్టి మంచు దానంతట అదే కరుగుతుంది. ఆరు గంటలకొకసారి 20 నిమిషాలతో మొదలుపెట్టి, వానాకాలంలో మంచు మిగిలిపోతుంటే ఇంకాస్త దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు. గొట్టాల దగ్గర రెండో ప్రోబ్ ఉన్న రకమైతే మంచు కరిగిందని తెలియగానే ముందే ఆపుతుంది. డీప్ ఫ్రీజర్లకు ఐస్ కరిగించే హీటరు ఉంటుంది. మందుల ఫ్రిజ్‌కు అది అవసరం లేదు, పెట్టించుకోవద్దు.

బిగించేటప్పుడు పక్కన నిలబడండి

ఈ పని ఫ్రిజ్ మెకానిక్ చేయాలి. తెలిసిన కుర్రాడని ఫ్యాన్లు బిగించే అబ్బాయికి అప్పగించకండి. ప్లగ్గు తీసిన తర్వాతే మూత విప్పాలి. గ్యారంటీ ఉన్న ఫ్రిజ్ అయితే విప్పితే అది పోతుందని గుర్తుంచుకోండి. పక్క గోడలకు డ్రిల్లు వేయనివ్వకండి, చాలా ఫ్రిజ్‌లలో గ్యాసు గొట్టాలు గోడ లోపలే ఉంటాయి. వెనక మంట బొమ్మ స్టిక్కరు ఉంటే లోపల ఉన్నది అంటుకునే గ్యాసు, ఆర్600ఎ లేదా ఆర్290. అలాంటప్పుడు కంట్రోలర్ పెట్టె ఫ్రిజ్ బయట ఉండాలి.

కంప్రెసర్‌కు పోయే ఫేజు తీగ కంట్రోలర్ రిలే గుండా పోవాలి, న్యూట్రల్ నేరుగా పోవాలి. పాత మరను, పాత డీఫ్రాస్ట్ టైమరును పక్కకు తప్పించాలి. అవి అలాగే ఉంటే ఒకదాని మాట ఒకటి వినని ఇద్దరు యజమానుల కింద పనిచేసినట్లే ఉంటుంది ఫ్రిజ్‌కు. కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రిలే దానికి సరిపోకపోతే మధ్యలో కాంటాక్టర్ పెట్టాలి. లేదంటే రిలే అతుక్కుపోతుంది, కంప్రెసర్ ఆగదు, తెల్లవారేసరికి మందులన్నీ గడ్డకడతాయి. ఎర్తు, స్టెబిలైజరు సరేసరి.

అన్నిటికంటే ముఖ్యం ప్రోబ్ ఉండే చోటు. తలుపు దగ్గర పెడితే తలుపు తీసినప్పుడల్లా వేడి అని తప్పుగా అనుకొని లోపలున్నవాటిని గడ్డకట్టిస్తుంది. ఫ్యాను ఎదురుగా పెడితే చల్లగాలి తగిలి తొందరగా ఆపేస్తుంది, మందులు వేడెక్కుతాయి. గోడను తాకకుండా, గాలి తిరిగి గొట్టాల వైపు వెళ్లే దారిలో వేలాడాలి. తీగను తలుపు రబ్బరు కింద నుండి లాగితే ఆ సందులోంచి తేమ వస్తుంది. ఉన్న రంధ్రం నుండే తీసి, చుట్టూ పుట్టీతో మూయించాలి. కరెంటు తీగలతో కలిపి కట్టకూడదు.

మెకానిక్ వెళ్లకముందు ఒక పరీక్ష చేయించండి. గ్లాసులో నలిపిన ఐస్ నిండా పోసి, కొద్దిగా నీళ్లు కలిపి, ప్రోబ్‌ను మధ్యలో పది నిమిషాలు ఉంచాలి. సున్నా చూపాలి. ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటే సవరించే సెట్టింగు ఉంటుంది. తర్వాత ప్రోబ్ ప్లగ్గు ఊడదీసి చూడండి. ప్రోబ్ చెడిపోతే కంప్రెసర్ ఆగకుండా నడిచేలా కొన్నిటికి సెట్టింగు ఉంటుంది. దానిని కొద్ది నిమిషాలు నడిచి కొద్ది నిమిషాలు ఆగేలా మార్పించాలి. ఆగిన తర్వాత మళ్లీ మొదలవడానికి 3 నుండి 5 నిమిషాల వ్యవధి పెట్టించాలి, కరెంటు పోయి వస్తున్నప్పుడు కంప్రెసర్‌ను కాపాడేది అదే.

అలారం 2 డిగ్రీల దగ్గర ఒకటి, 8 దగ్గర ఒకటి. అయితే షాపు మూసి ఇంటికో, ఆదివారం గుడికో వెళ్లాక అలారం ఎవరికి వినబడుతుంది? అందుకే గరిష్ఠ, కనిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే వేరే థర్మామీటరు మందుల మధ్య ఉండాలి. దాని ప్రోబ్‌ను చిన్న నీళ్ల సీసాలో ముంచి ఉంచితే మందు ఎంత చల్లగా ఉందో తెలుస్తుంది. కంట్రోలర్ అంకెను కంట్రోలర్‌నే అడిగి సరిచూడలేం కదా.

మొదటి రెండు రోజులు మందులు పెట్టకుండా నీళ్ల సీసాలతో నడపండి. తెల్లవారుజామున ఎంతకు దిగిందో చూడండి. తలుపు తెరవక, బయట చల్లబడి, వోల్టేజీ బాగుండే ఆ వేళలోనే ఫ్రిజ్ ఎక్కువ చల్లబడుతుంది. తర్వాత ఉదయం, సాయంత్రం పుస్తకంలో రాయాలి.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఎంత మంచి కంట్రోలర్ బిగించినా కూల్‌డ్రింకు ఫ్రిజ్ టీకాల ఫ్రిజ్ కాదు. ప్రభుత్వ టీకాలు ఐ.ఎల్.ఆర్. అనే ఐస్ గోడల ఫ్రిజ్‌లోనే ఉంటాయి. రోజుకు 8 గంటలు కరెంటు ఉన్నా అది చల్లదనం నిలుపుకుంటుంది. ఎక్కువ టీకాలు వేసే క్లినిక్ మందుల కోసమే తయారైన ఫ్రిజ్ కొనుక్కోవడం మంచిది.

తుపాను వస్తే

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు మన ప్రాంతాన్ని తాకినప్పుడు స్తంభాలు కూలి ఎన్నో ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పలాస, ఉద్దానం వారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు. కరెంటు లేనప్పుడు కంట్రోలర్ చేసేదేమీ లేదు. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు నింపి ఉంచితే చల్లదనం కొన్ని గంటలు ఎక్కువ నిలుస్తుంది. తలుపు తెరవకూడదు. మందులను ఐస్ పెట్టెలోకి మార్చవలసివస్తే ఫ్రీజర్ నుండి తీసిన ఐస్ ప్యాకును వెంటనే మందుకు ఆనించకండి. ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడేదాకా బయట ఉంచి, అప్పుడు పెట్టండి. కరెంటు వచ్చాక కంట్రోలర్‌లో మనం పెట్టిన అంకెలే ఉన్నాయో లేదో చూడాలి.

ఇళ్లలో ఇన్సులిన్ ఉన్నవారికి

ఫ్రిజ్ మధ్య అరలో, గోడకు తగలకుండా, డబ్బాలో పెట్టండి. ఒక్కసారి గడ్డకట్టినా పారేయండి, ఖరీదైనదని కరిగించి వాడవద్దు. ఫ్రిజ్ లేనివారు ఒక కుండలో ఇంకో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక నింపి తడుపుతూ, నీడలో, గాలి తగిలేచోట ఉంచవచ్చు. సీసాకు తడి తగలకుండా చూడాలి. వాడుతున్న సీసా ఎండ తగలని చోట సుమారు 4 వారాలు ఉంటుంది. మూత తీసిన తేదీని ప్లాస్టరు ముక్క మీద రాసి సీసాకు అంటించండి.