చవక సీసా అని చిన్నబుచ్చుకోకు, చెల్లీ

శనివారం సాయంత్రం ఆయన ఆఫీసు వాళ్లు నలుగురు భోజనానికి వస్తున్నారు. గుత్తొంకాయ, రొయ్యల ఇగురు చేసి పెట్టడం మనకి లెక్కా? గుండెల్లో గుబులంతా ఆ వైన్ షాపులో అడుగు పెట్టాకే. గోడ పొడవునా సీసాలు, నోరు తిరగని పేర్లు. ఖరీదైనది కొంటే చెయ్యి కాలుతుంది, చవకది పెడితే ఏమనుకుంటారోనని బెంగ. చివరికి లేబుల్ మీద బొమ్మ బావుందని ఏదో ఒకటి పట్టుకొచ్చేస్తాం. అవునా, కాదా?

ముందు ఆ బెంగ పక్కన పెట్టి, తెల్ల వైన్ల వైపు చూడు. తెల్ల వైన్ చాలావరకు స్టీలు ట్యాంకుల్లో తయారై, కొద్ది నెలల్లోనే సీసాలకెక్కేస్తుంది. ఖరీదైన ఓక్ పీపాలూ, ఏళ్ల తరబడి నిలవా అక్కర్లేదు. మరి ధర ఎక్కడ పెరుగుతుందంటావా? ఊరి పేరు దగ్గర. బంగినపల్లి అని బోర్డు పెట్టగానే మామిడిపండుకి రేటు పెరిగినట్టే, బర్గండీ అనో నాపా అనో రాసుంటే చాలు, రేటు ఎక్కి కూర్చుంటుంది. మనం పక్క ఊరు చూసుకుందాం.

దక్షిణాఫ్రికా షెనిన్ బ్లాంక్‌కే నా మొదటి ఓటు. ఆ దేశంలో అన్నిటికంటే ఎక్కువగా వేసేది ఆ ద్రాక్షే కాబట్టి మంచిది కూడా అందుబాటు ధరకే దొరుకుతుంది. రొయ్యలకీ చేపల వేపుడికీ అయితే ఫ్రాన్స్‌లో ల్వార్ నది సముద్రంలో కలిసే వైపు నుంచి వచ్చే మస్కడే తీసుకో. లేబుల్ మీద ‘సుర్ లీ’ అని ఉందేమో చూడు. పులిశాక అడుగున దిగిన ఈస్టు మడ్డి మీదే చలికాలమంతా ఉంచారన్నమాట. పల్చటి వైన్‌కి కాస్త ఒళ్లు వస్తుంది. హైదరాబాద్‌లో ఉన్నావా? నాసిక్ షెనిన్ బ్లాంక్ ఉండనే ఉంది. అక్కడి సులా కంపెనీ వాళ్ల మొదటి వైన్లు వచ్చింది 2000లోనే.

మన కారం సంగతి మర్చిపోకు. ఆల్కహాల్ ఎక్కువైతే నోట్లో మంట ఇంకా రేగుతుంది. 14 శాతం అని రాసున్నది గుత్తొంకాయ పక్కన పెట్టకు. జర్మనీ రీస్లింగ్‌లో 8, 9 శాతం ఉండేవి దొరుకుతాయి. వాటిల్లో కాస్త తీపి మిగిలి ఉంటుంది, కారానికి హాయిగా ఉంటుంది. సీసా మీద ఏడాది కూడా చూడు. ఈ రకం చవక వైన్లు లేతగా ఉండగానే బావుంటాయి. మరమూత ఉందని మొహం ముడుచుకోకు, న్యూజిలాండ్‌లో దాదాపు అందరూ వేసేది అదే. వచ్చేవాళ్లలో శాకాహారులుంటే ‘వీగన్’ అని ఉన్నదే కొను. కొన్ని వైన్లను తేట పరచడానికి చేప తిత్తితో చేసిన పదార్థం వాడతారు.

రెండు మూడు గంటల ముందే ఫ్రిజ్‌లో పెట్టెయ్. మర్చిపోయావా? బకెట్‌లో ఐసు, నీళ్లు, గుప్పెడు కళ్లుప్పు వేసి సీసా ముంచితే ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. మరీ గడ్డకట్టేంత చలవ వద్దు, వాసన చచ్చిపోతుంది. (వైన్ బాలేదనిపిస్తే మాత్రం ఆ చలవే మనల్ని కాపాడుతుంది, ఇది మన మధ్యే!) మిగిలింది చిన్న సీసాలో నిండుగా పోసి మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.

అన్నట్టు, తాగని వాళ్లకి నిమ్మరసం కలిపి ఉంచు. కారు నడిపి ఇంటికెళ్లాల్సిన వాళ్లకీ అదే పొయ్యి, మొహమాటపడకు.