గన్నేరు విషానికి గుండె వైద్యం

మన వాడపల్లి వైపు దొడ్డి కంచెల పక్కన పచ్చగన్నేరు కొత్త చెట్టేమీ కాదు. కానీ "గన్నేరు పప్పు" అన్న మాట చెవిన పడితే మాత్రం ఇంట్లో పెద్దలు ఉలిక్కిపడతారు. ఆ విషానికి ఆస్పత్రిలో ఏ వైద్యం చేస్తారో ఈ సంచికలో రాస్తున్నాము.

గుండె కణాల గోడల్లో సోడియాన్ని బయటికి తోసి, పొటాషియాన్ని లోపలికి లాగే పంపు ఉంటుంది. గన్నేరు విషం ఆ పంపును ఆపేస్తుంది. అప్పుడు కణంలో కాల్షియం, రక్తంలో పొటాషియం పెరుగుతాయి. నాడి మందగిస్తుంది, గుండె పై గదుల సంకేతం కింది గదులకు అందదు. ఒక్కోసారి కింది గదులు అదుపు తప్పి కొట్టుకుంటాయి. గుండె జబ్బువారికి డాక్టర్లు రాసే డిగాక్సిన్ మాత్ర కూడా ఈ కోవలోదే, మోతాదు మించితే అదీ ఇలాగే చేస్తుంది.

నాడి బాగా పడిపోతే మొదట అట్రోపిన్ సూది ఇస్తారు. దానికి లొంగకపోతే తాత్కాలిక పేస్‌మేకర్ పెడతారు. పొటాషియం పెరిగితే గ్లూకోజుతో కలిపి ఇన్సులిన్ ఇస్తారు. కింది గదుల లయ చెడితే లిడోకైన్, మెగ్నీషియం వాడతారు. అసలు విరుగుడు వేరే ఉంది. అది గొర్రెల రక్తం నుంచి తీసే యాంటీబాడీ. డిగాక్సిన్ కోసం తయారైనదే అయినా పచ్చగన్నేరు విషాన్ని కూడా పట్టుకుంటుందని శ్రీలంక డాక్టర్లు 2000లో నిరూపించారు. ధర మాత్రం సామాన్యుడికి అందనిది. తొందరగా తీసుకెళితే యాక్టివేటెడ్ చార్‌కోల్ కూడా తాగిస్తారు (పొయ్యి బొగ్గు కాదు సుమా!). దాన్ని పదేపదే ఇస్తే మేలని 2003లో ఒక పరిశోధన తేల్చింది, 2008లో మరో పెద్ద పరిశోధనలో ఆ మేలు కనబడలేదు.

ఈ మందులన్నీ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి: ఏం తిన్నారో డాక్టరుకు చెప్పడం. పరువు పోతుందనో, పోలీసు కేసవుతుందనో "కడుపునొప్పి, వాంతులు" అని చెబితే సెలైన్ పెట్టి ఇంటికి పంపే ప్రమాదం ఉంది. మనిషి లేచి కూర్చుని మాట్లాడుతున్నా తర్వాత గుండె ఆగిపోవచ్చు. అందుకే కనీసం ఒక రోజంతా ఇ.సి.జి. మానిటరు మీద ఉంచుతారు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించరాదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. కనుక దాచవలసిన పని లేదు.

ఇంట్లో ఉప్పునీళ్లు తాగించి కక్కించవద్దు. 108కి ఫోను చేయండి, తిన్న కాయో ఆకో దొరికితే వెంట తీసుకెళ్లండి. మనసు బాగోలేనివారు టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.