జాడీకి గాజుపూత

పాఠ్యభాగ పరిచయం

ప్రక్రియ: శాస్త్రవిషయక వ్యాసం. పింగాణీ పాత్రల తయారీలో పూత కారిపోవడమనే దోషానికి కారణాలను, నివారణోపాయాలను, బట్టీ పలకలను శుభ్రపరచే విధానాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

విజయవాడ నుండి తెనాలికి పోయే రైలు మార్గంలో, కృష్ణా పశ్చిమ డెల్టాలో దుగ్గిరాల ఉన్నది. పసుపు మార్కెట్టుకు ఈ ఊరు ప్రసిద్ధి. వేసవి వచ్చిందంటే ఈ ప్రాంతపు ఇండ్లలో రెండు పాత్రలకు పని ఎక్కువ. ఒకటి మంచినీళ్ల కుండ, రెండవది ఆవకాయ జాడీ. రెండూ మట్టితో చేసినవే అయినా వాటి గుణాలు పరస్పర విరుద్ధాలు. కుండ గోడలోని సూక్ష్మరంధ్రాల గుండా నీరు వెలుపలికి చెమర్చి ఆవిరవుతుంది. ఆ క్రమంలో లోపలి వేడిని హరించడం వలన కుండలోని నీరు చల్లబడుతుంది. జాడీ అట్లా చెమర్చరాదు. ఉప్పు, నూనె, మామిడి పులుపు గోడలోకి ఇంకితే ఊరగాయతో పాటు జాడీ కూడా చెడుతుంది. అందుచేత జాడీకి గాజుపూత అవసరం. పనివారు దీనిని గ్లేజు అంటారు.

పూతలోని మూడు పాళ్లు

గాజుపూతలో ముఖ్యంగా మూడు పదార్థాలుంటాయి. మొదటిది సిలికా. పలుగురాయి పొడి నుండి లభించే ఈ పదార్థమే గాజుగా మారుతుంది. అయితే ఇది కరగడానికి సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడికి పాత్రే నిలువదు. కనుక తక్కువ వేడికే కరిగించే ద్రావకాలను రెండవ పదార్థంగా కలుపుతారు. ఫెల్‌స్పార్, సున్నపురాయి పొడి, కట్టెబూడిద అటువంటివి. మూడవది అల్యూమినా. ఇది పింగాణీ మన్ను ద్వారా పూతలో చేరి, కరిగిన గాజుకు చిక్కదనాన్నిచ్చి, నిలువు గోడమీద జారకుండా పట్టి ఉంచుతుంది. ఈ మూడింటి పొత్తు కుదిరితే పూత అద్దంలా నిలుస్తుంది. ద్రావకం హెచ్చినా, అల్యూమినా తగ్గినా తేనెలా కిందికి కారుతుంది.

డెల్టా ఒండ్రుమట్టిలో ఇనుము పాలు ఎక్కువ. అందుకే మన కుండలు ఎర్రగా కాలుతాయి. పల్లెలోని కుమ్మరి ఆవములో వేడి సాధారణంగా 700 నుండి 900 డిగ్రీల వరకు ఉంటుంది. పింగాణీ జాడీని 1,200 డిగ్రీలకు పైబడి కాల్చాలి. అంతటి వేడిలో ఎర్రమట్టి ఉబ్బి, వంకరలుపోయి, రూపం కోల్పోతుంది. కాబట్టి జాడీకి ద్వారకా తిరుమల పరిసరాలలో దొరికే తెల్లమట్టి వంటివి కావాలి. నెల్లూరు సీమలో గూడూరు చుట్టూ ఉన్న అభ్రకపు గనుల శిలలలో పలుగురాయి, ఫెల్‌స్పార్ లభిస్తాయి. ఈ విద్యను శాస్త్రీయంగా నేర్పడానికి గూడూరులో ప్రభుత్వం సెరామిక్ టెక్నాలజీ సంస్థను కూడా నెలకొల్పింది.

దోషం వలన కలిగే నష్టం

“కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు” అన్నది సామెత. పూత కారడం కూడా గుదియ పెట్టు వంటిదే. కారిన గాజు జాడీ అడుగున చేరి, చల్లారినప్పుడు దానిని పలకకు అతికించివేస్తుంది. ఊడబెరికితే అడుగు పగులుతుంది, పలక పెచ్చులూడుతుంది. ఒక్కొక్కసారి జాడీ చెక్కుచెదరకుండా ఊడివచ్చినా దోషం తొలగినట్లు కాదు. పూత అడుగుకు జారినందువలన మూతి దగ్గర పలుచబడుతుంది. ఉప్పు, పులుపు తరచుగా తగిలే చోటు అదే. కనుక ఇది కంటికి కనిపించే వికారం మాత్రమే కాదు, తిండికి సంబంధించిన విషయం కూడా.

తక్కువ వేడికే పూత కరగాలని పూర్వం అనేక దేశాలలో సీసాన్ని ద్రావకంగా వాడారు. సరిగా కుదరని సీసపు పూతనుండి పుల్లని పదార్థాలలోకి సీసం దిగుతుంది. అది శరీరానికి, ముఖ్యంగా పిల్లల మెదడుకు హాని చేస్తుంది. అందుచేత ఆహారపాత్రలకు సీసం లేని పూతలనే వాడాలి.

కారణాన్ని కనుగొనే విధానం

బట్టీ తెరిచిన వెంటనే ఏ పాత్రలు కారాయో, అవి ఎక్కడ ఉన్నాయో గుర్తించి వ్రాసుకోవాలి. ఆ అమరికే కారణాన్ని చెబుతుంది.

1. ఒకే అరలోని పాత్రలన్నీ కారితే అక్కడ వేడి హెచ్చిందని అర్థం. దీనిని తెలుసుకోవడానికి ప్రతి అరలోను వేడికి వంగే మట్టి శంకువులను ఉంచాలి. జర్మనీకి చెందిన హెర్మన్ సేగర్ 1886లో వీటిని రూపొందించాడు. ఎంత వేడి, ఎంతసేపు పనిచేసిందో రెండూ ఈ శంకువు వంపులో తెలుస్తాయి.

2. ఒకే రకం పూత ఏ అరలో ఉన్నా కారితే లోపం పాళ్లలో ఉన్నది. నూటికి అయిదు పాళ్లు పింగాణీ మన్ను అదనంగా కలిపి, నిలువుగా నిలబెట్టిన చిన్న బిళ్లమీద పరీక్షించాలి. మితిమీరి కలిపితే మెరుపు పోతుంది.

3. ఒకటి రెండు పాత్రలు మాత్రమే కారితే పూత మందమైందని అనుకోవాలి. మొదటి కాల్పు తక్కువైన పాత్ర నీటిని ఎక్కువగా పీల్చుకొని, ఎక్కువ పొడిని పట్టుకుంటుంది. ఆరిన పూతను సూదితో గీసి మందాన్ని చూడవచ్చు.

4. రెండు పూతలు కలిసిన చోటనే కారితే, ఆ రెండింటి కలయిక విడివిడి పూతలకన్న తక్కువ వేడికి కరుగుతున్నదని గ్రహించాలి. అక్కడ పలుచగా పూయాలి.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. వేడి తగ్గించి, పాళ్లు మార్చి, పూత పలుచన చేస్తే ఏది మేలు చేసిందో ఎన్నటికీ తెలియదు. దోషం కుదిరే వరకు పాత్ర అడుగునుండి కొంత మేర పూతను తడి స్పాంజితో తుడిచివేయాలి. పాత్ర కింద కాల్చిన మట్టి పళ్లెం ఉంచితే పలక దక్కుతుంది.

పలకల శుభ్రత

బట్టీ పూర్తిగా చల్లారిన పిమ్మటనే పలకలను తీయాలి. గాజు బిందువులు విరిగినప్పుడు అంచులు కత్తివలె పదునుగా ఉంటాయి. కళ్లజోడు, చేతితొడుగులు, దుమ్మును ఆపగల మాస్కు లేకుండా ఈ పని చేయరాదు. ఉలిని ఏటవాలుగా పట్టి, మొనను మనకు ఎదురుగా కాక అవతలి వైపుకు ఉంచి సుత్తితో మెల్లగా కొట్టాలి. మిగిలిన గరుకును కార్బోరండం రాయితో తడి చేస్తూ రుద్దాలి. పొడిగా రుద్దినా, చీపురుతో ఊడ్చినా సిలికా దుమ్ము గాలిలో లేస్తుంది. ఏళ్ల తరబడి దానిని పీల్చినవారికి సిలికోసిస్ అనే నయంకాని ఊపిరితిత్తుల వ్యాధి వస్తుంది. అరచేతితో పలకను తడిమి చూడరాదు.

తరువాత రక్షణపూత వేయాలి. అల్యూమినా పొడిని, పింగాణీ మన్నును సమపాళ్లలో నీటిలో కలిపి, పాలమీగడ చిక్కదనంతో కుంచెతో పలుచగా పూస్తారు. పలక పైముఖానికే పూయాలి. అడుగున గాని, అంచులకు గాని పూస్తే అది రాలి కింది అరలోని పాత్రలపై పడుతుంది. పలక పూర్తిగా ఆరిన తరువాతనే బట్టీలో పెట్టాలి. తడి పలక వేడికి పగులుతుంది.

ఈ జాగ్రత్తలకు ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. శంకువు, సూది, పరీక్ష బిళ్ల, ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి కాల్పు ఫలితాన్ని ఆ పుస్తకంలో వ్రాసుకొనే పనివాడికి ఒకసారి చెడిన జాడీ తరువాతి వంద జాడీలను కాపాడుతుంది.

కఠిన పదాలు – అర్థాలు

ఆవము = కుమ్మరి కుండలు కాల్చే చోటు
ఒండ్రుమట్టి = నదీ ప్రవాహం తెచ్చి వేసిన మట్టి
గుదియ = దుడ్డుకర్ర
పలుగురాయి = తెల్లని గట్టి రాయి, స్ఫటికశిల
ద్రావకం = కరిగించే పదార్థం
వికారం = రూపం చెడడం

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్న
గాజుపూత కారడానికి గల కారణాలను కనుగొనే విధానాన్ని వివరించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కుండకు, జాడీకి గల గుణభేదమేమిటి?
2. పలకలను శుభ్రపరచేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పూతకు చిక్కదనాన్నిచ్చే పదార్థమేది?
2. రక్షణపూతను పలకలో ఏ ముఖానికి పూయాలి?