కొత్త ఇంటి లోన్: బ్యాంకు ఎప్పుడు మార్చుకోవచ్చు? సబ్సిడీ ఉన్నవాళ్లు ఎందుకు ఆగాలి?

గృహప్రవేశం అయ్యి ఆరు నెలలు కూడా కాదు, ఫోన్లు మొదలవుతాయి. "సార్, మీ హోమ్ లోన్ మా బ్యాంకుకు మార్చుకోండి, వడ్డీ ఒక శాతం తగ్గిస్తాం" అంటారు. ఒక శాతం అంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. లోన్ మార్చుకోవడం తప్పేమీ కాదు, అది మీ హక్కు. కానీ ప్రధానమంత్రి ఆవాస్ యోజన వడ్డీ సబ్సిడీ వస్తున్న కుటుంబాలు తొందరపడితే లక్ష రూపాయలకు పైగా నష్టపోవచ్చు. అందుకే సంతకం పెట్టేముందు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

(ఇందిరమ్మ ఇళ్ల పథకంలో వచ్చే 5 లక్షలు ఆర్థిక సాయం, లోన్ కాదు. ఈ సమాచారం బ్యాంకులో లోన్ తీసుకున్నవారి కోసం.)

1. ఎన్నాళ్లు ఆగాలి?

వడ్డీ రేటు మారుతూ ఉండే లోన్‌ను, అంటే ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను, ముందే తీర్చేసినా బ్యాంకులు వ్యక్తుల దగ్గర పెనాల్టీ వసూలు చేయకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే చెప్పింది. 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా రెన్యువల్ అయిన లోన్లకు వర్తించే కొత్త నిబంధనల్లో, ఇన్నాళ్లు ఆగాలి అనే లాక్-ఇన్ షరతు కూడా ఉండకూడదని స్పష్టం చేసింది. ఫిక్స్‌డ్ రేటు లోన్ అయితే పెనాల్టీ ఉండొచ్చు. మీ లోన్ పత్రాలతో ఇచ్చిన కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో చూసుకోండి.

అంటే పాత బ్యాంకు మిమ్మల్ని కట్టిపడేయలేదు. ఆగమనేది ఎక్కువగా కొత్త బ్యాంకే. చాలా బ్యాంకులు 12 ఈఎంఐలు, కొన్ని 6 ఈఎంఐలు ఒక్కటి కూడా తప్పకుండా కట్టి ఉండాలని అడుగుతాయి. రిజిస్ట్రేషన్ పూర్తయి ఉండాలి. ఇల్లు ఇంకా కడుతూ, లోన్ విడతలుగా వస్తుంటే మార్చడం కష్టం.

2. ఎంత మిగులుతుంది?

ఒక ఉదాహరణ. లోన్ 20 లక్షలు, వడ్డీ 9.25 శాతం, గడువు 20 ఏళ్లు. ఈఎంఐ సుమారు 18,317 రూపాయలు. ఏడాదిలో మీరు కట్టేది దాదాపు 2 లక్షల 20 వేలు. అందులో అసలు తగ్గేది సుమారు 36 వేలే, మిగతాదంతా వడ్డీ. మొదటి ఏళ్లలో వడ్డీ ఎక్కువ కాబట్టి, మార్చుకుంటే లాభం కూడా అప్పుడే ఎక్కువ.

ఏడాది తర్వాత బాకీ 19 లక్షల 64 వేలు. దాన్ని 8.25 శాతానికి, మిగిలిన 19 ఏళ్లకే మారిస్తే ఈఎంఐ 17,082 అవుతుంది. నెలకు 1,235 మిగులు. ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఒపీనియన్, ఇంటి విలువ కట్టడం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కొత్త తనఖా ఖర్చు కలిపి 20 వేలు అయ్యాయనుకుంటే, అవి రాబట్టుకోవడానికే 17 నెలలు పడుతుంది. ఆ తర్వాతదే అసలు లాభం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఏజెంటు "మళ్లీ 20 ఏళ్లు పెడదాం, ఈఎంఐ ఇంకా తగ్గుతుంది" అంటాడు. నిజమే, నెలకు ఇంకో 350 తగ్గుతుంది. కానీ మొత్తం మీద కట్టేది లక్షా 20 వేలు పెరుగుతుంది. గడువు పెంచవద్దని గట్టిగా చెప్పండి.

3. సబ్సిడీ ఉన్నవాళ్లు ఎందుకు ఆగాలి?

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 వడ్డీ సబ్సిడీ కింద, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు గరిష్ఠంగా లక్షా 80 వేలు వస్తుంది. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. ఈ డబ్బు ఒకేసారి రాదు, ఏడాదికి ఒకటి చొప్పున 5 వాయిదాల్లో వస్తుంది. ప్రతి వాయిదా విడుదలయ్యే నాటికి లోన్ నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ ఉండాలి.

బ్యాంకు మారితే పాత లోన్ మూసేస్తారు. కొత్త లోన్ మీద రెండోసారి సబ్సిడీ రాదు.

పై ఉదాహరణలోని కుటుంబానికి ఒక వాయిదా వచ్చి, 36 వేల చొప్పున నాలుగు మిగిలాయనుకుందాం. అంటే లక్షా 44 వేలు. ఆ నాలుగేళ్లలో ఈఎంఐ మీద మిగిలేది 59 వేల చిల్లర. 59 వేల కోసం లక్షా 44 వేలు వదులుకుంటామా? అయిదో వాయిదా వచ్చాక మార్చుకోవచ్చు, అప్పటికీ చాలా ఏళ్లు మిగిలే ఉంటాయి.

4. ముందు మీ బ్యాంకునే అడగండి

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు 6.50 నుంచి 5.50 శాతానికి తగ్గింది. 2019 అక్టోబరు తర్వాత బ్యాంకులు ఇచ్చిన ఫ్లోటింగ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి, కనీసం మూడు నెలలకోసారి సవరించాలి. మీ రేటు తగ్గిందా, లేదా అని బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి. వేరే బ్యాంకు ఇచ్చిన ఆఫర్ లెటర్ చూపిస్తే చాలాసార్లు కొద్దిపాటి ఫీజుతో అక్కడే తగ్గిస్తారు. లోన్ అక్కడే కొనసాగుతుంది కాబట్టి సబ్సిడీకీ ఇబ్బంది ఉండదు.

5. మార్చుకోవాలనే నిర్ణయించుకుంటే

• పాత బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్, లోన్ స్టేట్‌మెంట్, వాళ్ల దగ్గరున్న పత్రాల జాబితా తీసుకోండి. బదిలీ దరఖాస్తుపై అభ్యంతరం ఉంటే 21 రోజుల్లో చెప్పాలి.
• కొత్త బ్యాంకు నుంచి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తీసుకొని, అన్ని ఫీజులు అందులో ఉన్నాయో లేదో చూడండి.
• కొత్త లోన్ మంజూరయ్యే దాకా పాత ఈఎంఐ ఒక్కటి కూడా ఆపవద్దు.
• బాకీ మొత్తం తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు ఇవ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి.
• ఏజెంటుకు చేతికి డబ్బు ఇవ్వవద్దు. ఓటీపీ చెప్పవద్దు.

సమస్య వస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దీనికి ఫీజు లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

మీ కాలనీలో ఈ మధ్యే ఇల్లు కొన్నవాళ్లుంటే ఈ పీడీఎఫ్ వాళ్లకు పంపండి. సబ్సిడీ వాయిదాలు ఇంకా ఎన్ని రావాలో చూసుకున్నాకే సంతకం పెట్టమని చెప్పండి.