అంతర్జాల విపణి - సరకు రవాణా

వ్యాపారమందు సరకును అమ్ముట ఒక ఎత్తు. దానిని కొన్నవారికి క్షేమముగా చేర్చుట మరియొక ఎత్తు. అంతర్జాల విపణిలో ఇందుకు రెండు మార్గములు కలవు. విపణి సంస్థయే సరకును తీసికొనిపోయి చేర్చుట మొదటిది. అమ్మువారే రవాణాను కుదుర్చుకొనుట రెండవది. అమెజాన్ సంస్థ దీనిని ‘సెల్ఫ్ షిప్’ అని వ్యవహరించుచున్నది. ఈ రెండవ మార్గమును గూర్చియే ఇచట వివరింపదలచితిమి. ఇంటివద్ద గాజులు, అల్లికలు, పాత పుస్తకములు అమ్మి చదువు ఖర్చులు సమకూర్చుకొను కుటుంబములకు ఒక్క పెట్టె పగిలినను నెలనాళ్ల శ్రమ వృథా యగును.

మొదట తూకమును గ్రహింపవలెను. కొరియరు సంస్థలు అసలు బరువును మాత్రమే గాక, పెట్టె ఆక్రమించు స్థలమును కూడ లెక్కించును. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో హెచ్చవేసి, సాధారణముగా 5,000 చేత భాగింతురు. రెండు కిలోల గాజులను 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెట్టినచో లెక్క 4.8 కిలోలకు వచ్చును. అవే గాజులు 30, 20, 15 కొలతల పెట్టెలో ఇమిడినచో 1.8 కిలోలే. రెండింటిలో ఏది ఎక్కువైన దానికే రుసుము కనుక, మొదటి పెట్టెకు 4.8 కిలోలకు, రెండవదానికి 2 కిలోలకు చెల్లింపవలసి వచ్చును.

ఇక కట్టుబడి. పెట్టెను కదిపినపుడు లోపల చప్పుడు కాకుండ ఖాళీలను కాగితములతో నింపవలెను. చిరునామా పైన వ్రాయుటయే గాక, ఒక చీటీని లోపల కూడ ఉంచవలెను. మూయుటకు ముందు సరకునకు, తూకమునకు ఛాయాచిత్రములు తీసికొనుట మంచిది.

వాహకుని ఎన్నుకొనుటయు ముఖ్యమే. 1986లో ప్రారంభమైన స్పీడ్ పోస్టు పల్లెలకు సైతము చేరును. ఆర్టీసీ కార్గోలో బస్టాండు నుండి బస్టాండుకు పంపినచో కొన్నవారే వచ్చి తీసికొనవలెను. బల్లలు, బీరువాల వంటి వానికి లారీ ట్రాన్స్‌పోర్టు తగును. కిరాయి ముందుగా కట్టితిమా, ‘టు పే’ పద్ధతిపై పంపితిమా అనునది రసీదులో ఉండవలెను. సరకు విలువ 50,000 రూపాయలు మించినచో సాధారణముగా ఇ-వే బిల్లు అవసరము.

దారిలో నష్టము కలిగినచో ఎవరు భరింపవలెను? 1930 నాటి సరకుల విక్రయ చట్టము, 39వ సెక్షను ప్రకారము, ఒప్పందమును అనుసరించి వాహకునికి అప్పగించుట కొన్నవారికి అప్పగించినట్లే ప్రాథమికముగా పరిగణింపబడును. కాని అమ్మినవారు సరకు స్వభావమునకు తగిన ఏర్పాటు చేయనిచో, కొన్నవారు దానిని అంగీకరింపకపోవచ్చును, లేదా పరిహారము కోరవచ్చును. వినియోగదారుల చట్టము, విపణి సంస్థ నిబంధనలు అదనపు బాధ్యతలు విధించినచో వానిని కూడ పాటింపవలెను.

రోడ్డు రవాణా సంస్థల బాధ్యతను 2007 నాటి చట్టము నిర్ణయించుచున్నది. అధిక విలువను ప్రకటించి అదనపు రుసుము చెల్లింపనిచో, వారి బాధ్యత సాధారణముగా కిరాయికి పది రెట్లకు పరిమితము. 200 రూపాయల కిరాయిపై 15,000 రూపాయల వస్తువు పోయినచో దక్కునది 2,000 మాత్రమే. కావున విలువైన సరకునకు విలువ ప్రకటన గాని, భీమా గాని తప్పనిసరి. దావా వేయదలచినవారు, సరకు బుక్ చేసిన 180 దినములలోగా వ్రాతపూర్వకముగా నోటీసు ఇయ్యవలెను.

కొనువారికిని, అమ్మువారికిని ఒక హెచ్చరిక. రవాణా ఖర్చు, వాపసు ఖర్చు ఎవరివో ముందే వ్రాతలో ఉంచుకొనవలెను. డబ్బు పుచ్చుకొనుటకు యు.పి.ఐ. పిన్ అవసరము లేదు, అది చెల్లించుటకే. ‘రవాణా రుసుము తిరిగి ఇత్తుము, పిన్ నొక్కుడు’ అనువారిని నమ్మరాదు.

విద్యార్థులు ఈ విషయములను తమ ఇండ్లలో చిన్న వ్యాపారము చేయు తల్లులకు, అక్కచెల్లెండ్రకు వివరింతురని ఆశించుచున్నాము. రసీదును భద్రపరచు అలవాటు ఒక్కటి ఏర్పడినను మా శ్రమ ఫలించినట్లే.